గేమ్ మధ్యలో కంప్యూటర్ ఆఫ్ అయిపోతోందా? కారణాన్ని ఇలా పట్టుకోండి

“అన్నా, బ్రౌజింగ్ చేస్తే బాగానే ఉంటుంది, సినిమా పెడితే బాగానే ఉంటుంది. గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకి సిస్టమ్ టప్పున ఆగిపోతోంది. ఏ పార్ట్ మార్చాలి?”

ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. అడిగేవాళ్లలో సగం మంది అప్పటికే కిందా మీదా పడి ఉంటారు. విండోస్ రెండుసార్లు ఎక్కించి ఉంటారు, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కి, కూలర్‌కి మధ్య ఉండే పేస్ట్) పూసి ఉంటారు, ర్యామ్ పీకి తుడిచి పెట్టి ఉంటారు. సమస్య మాత్రం అలాగే ఉంటుంది. ఏ పార్ట్ మార్చాలో తెలియాలంటే ముందు కంప్యూటర్ ఎలా ఆగుతోందో చూడాలి. ఆగే తీరును సరిగ్గా గమనిస్తే సగం పని అయిపోయినట్టే.

గేమ్‌లోనే ఎందుకు ఆగుతుందంటే, అప్పుడు సీపీయూ, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఒకేసారి గట్టిగా పని చేస్తాయి. వేడి పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతాయి. మామూలు పనుల్లో బయటపడని లోపం ఆ బరువుకి బయటపడుతుంది. ఇంతకు మించి థియరీ మనకి అక్కర్లేదు.

కావలసినవి

- స్టార్ స్క్రూడ్రైవర్, టార్చ్, మెత్తటి బ్రష్, గాలి కొట్టే డబ్బా లేదా చిన్న బ్లోయర్
- ఒక నోట్‌బుక్, పెన్ను (నవ్వకండి, ఈ జాబితాలో అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే)
- వీడియో తీయడానికి ఫోన్
- హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 (వేడి, వోల్టేజ్ అంకెలు చూపించేది), ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ (గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు మార్చేది), ఓసీసీటీ (పార్టుల మీద బరువు పెట్టి పరీక్షించేది). మూడూ ఉచితంగా దొరుకుతాయి. వాటి సొంత సైట్ల నుంచే దించుకోండి.
- ర్యామ్ పరీక్షకి ఖాళీ పెన్‌డ్రైవ్

థర్మల్ పేస్ట్, కొత్త ఎస్ఎంపీఎస్ (క్యాబినెట్‌లో అన్ని పార్టులకీ కరెంటు అందించే డబ్బా) లాంటివి ఇప్పుడే కొనకండి. అవసరమని తేలాక కొనొచ్చు.

ముందు రెండు జాగ్రత్తలు

కాలిన వాసన వచ్చినా, ఎస్ఎంపీఎస్ లోంచి చిటపట శబ్దం వచ్చినా, ఏదైనా ప్లగ్ రంగు మారి కరిగినట్టు కనిపించినా ఈ పరీక్షలేవీ చేయొద్దు. గోడ దగ్గర స్విచ్ ఆపేసి నేరుగా సర్వీస్‌కి ఇవ్వండి. ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్ తీసేసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ మిగిలి ఉంటుంది.

రెండోది, ముఖ్యమైన ఫైళ్లు వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఇలా అర్ధాంతరంగా ఆగడం వల్ల ఫైళ్లు పాడయ్యే అవకాశం ఉంది. పైగా కారణం దొరికేదాకా మనమే దాన్ని కావాలని ఇంకో నాలుగైదు సార్లు ఆపబోతున్నాం.

1. ఎలా ఆగుతోందో రాసుకోండి

“ఆగిపోతోంది” అని అందరూ ఒకే మాట అంటారు కానీ అందులో చాలా రకాలున్నాయి. ఈసారి ఆగినప్పుడు వెంటనే పవర్ బటన్ మీదకి చెయ్యి పోనివ్వకండి. ఒక్క నిమిషం ఆగి క్యాబినెట్ వైపు చూడండి.

ఫ్యాన్లు, లైట్లు అన్నీ ఒక్క క్షణంలో ఆగిపోయి, ఆ తర్వాత పవర్ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేకుండా ఉందా? ఎస్ఎంపీఎస్ వెనకున్న స్విచ్ ఆపి, అర నిమిషం తర్వాత వేస్తేనే మళ్లీ లేస్తోందా? అలాగైతే ఎస్ఎంపీఎస్ తనని తాను కాపాడుకోవడానికి ట్రిప్ అయిందని గట్టిగా అనుమానించాలి. ఎస్ఎంపీఎస్ బలహీనమై ఉండొచ్చు, చాలకపోయి ఉండొచ్చు, లేదా దాని మీద ఏదో షార్ట్ పడుతుండొచ్చు.

అన్నీ ఆగిపోయి దానంతటదే మళ్లీ ఆన్ అవుతుంటే కరెంటు సరఫరాలో తేడా ఉండొచ్చు, లేదా బ్లూ స్క్రీన్ (విండోస్ కుప్పకూలినప్పుడు వచ్చే ఎర్రర్ తెర) వచ్చి మీకు కనిపించేలోపే విండోస్ రీస్టార్ట్ అవుతుండొచ్చు. ఏదన్నది రెండో మెట్టులో తేలుతుంది.

స్క్రీన్ మాత్రమే నల్లబడి, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయా? గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా హోరుమని మోత మోగిస్తున్నాయా? స్నేహితుల గొంతు హెడ్‌సెట్‌లో ఇంకా వినిపిస్తోందా? అప్పుడు కంప్యూటర్ ఆగలేదన్నమాట, గ్రాఫిక్స్ కార్డు చేతులెత్తేసింది. కార్డు, దానికి వెళ్లే పవర్ కేబుల్, డ్రైవర్, ఈ మూడింటి చుట్టూ వెతకాలి.

ముందు గేమ్ నెమ్మదించి, ఫ్రేములు పడిపోయి, ఫ్యాన్లు గోల పెట్టి, ఆ తర్వాత ఆగితే వేడి వల్ల కావచ్చు. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే అది వేరే జబ్బు. ఎక్కువగా గేమ్ ఫైళ్లు, డ్రైవర్, ర్యామ్ దగ్గర తేలుతుంది.

ఎంతసేపటికి ఆగిందో కూడా రాసుకోండి. ఆట మొదలైన కొన్ని సెకన్లలోనే పోతే మామూలుగా వేడెక్కడానికి టైమ్ ఉండదు, కాబట్టి ముందు పవర్‌ని అనుమానించండి. ప్రతిసారీ ఇరవై ముప్పై నిమిషాలకి పోతుంటే వేడిని అనుమానించండి. చాలామంది గమనించని విషయం ఇంకొకటుంది. కొన్ని గేముల్లో మెయిన్ మెనూలో ఫ్రేములకి హద్దు ఉండదు. ఆ ఖాళీ మెనూలో సెకనుకి వందల ఫ్రేములు గీస్తూ కార్డు అసలు ఆటలో కంటే ఎక్కువ కరెంటు లాగగలదు. “ఆట కూడా మొదలు కాలేదు, మెనూలోనే పోయింది” అని ఎవరైనా అంటే నా ఆలోచన ముందు అటే వెళ్తుంది.

2. విండోస్ ఏం రాసిపెట్టుకుందో చూడండి

ముందు ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపండి. స్టార్ట్ మెనూలో అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ అని వెతికి తెరవండి. అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో స్టార్టప్ అండ్ రికవరీ కింద సెట్టింగ్స్ నొక్కి, ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ దగ్గర టిక్ తీసేయండి. ఇకమీదట బ్లూ స్క్రీన్ వస్తే అది అలాగే నిలిచి ఉంటుంది. దాని మీదున్న స్టాప్ కోడ్‌ని ఫోటో తీసుకోండి.

తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్ లోపల సిస్టమ్ మీద నొక్కి, ఆగిపోయిన టైమ్ దగ్గరికి వెళ్లండి. ఎర్ర గుర్తుతో కెర్నల్-పవర్ 41 కనిపించడం దాదాపు ఖాయం.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. 41 చూడగానే “ఎస్ఎంపీఎస్ పోయింది” అని తీర్మానించేస్తారు. ఆ నంబర్‌కి అర్థం “ఇంతకు ముందు నేను పద్ధతిగా షట్‌డౌన్ కాలేదు” అని మాత్రమే. మీరు ఆడుతుండగా ఎవరైనా ప్లగ్ పీకేసినా అదే 41 వస్తుంది. దానితో పాటు 6008 కనిపించినా భావం అంతే.

పనికొచ్చే సమాచారం దాని చుట్టుపక్కల ఉంటుంది. 41 మీద డబుల్ క్లిక్ చేసి డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ చూడండి. సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదని అర్థం. కరెంటు తెగినా, మెషిన్ పూర్తిగా బిగుసుకుపోయినా ఇలాగే ఉంటుంది. సున్నా కాకుండా వేరే అంకె ఉంటే బ్లూ స్క్రీన్ వచ్చినట్టే. కెర్నల్-పవర్ 86 కనిపిస్తే వేడి హద్దు దాటి సిస్టమ్ తానే ఆపుకుందని రాసినట్టు. ఇది ల్యాప్‌టాప్‌లలో ఎక్కువ కనిపిస్తుంది. డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ పేరుతో ఎర్ర గుర్తులుంటే హార్డ్‌వేర్ తప్పు నమోదైంది, ముఖ్యంగా 18 అయితే సీపీయూ వైపు చూడాలి. 4101 అంటే డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ లేచింది. ఇక 1074 కనిపిస్తే ఏదో ప్రోగ్రామ్ గానీ అప్‌డేట్ గానీ పద్ధతిగా షట్‌డౌన్ అడిగిందన్నమాట. దాని పేరు కూడా అక్కడే ఉంటుంది, మీ హార్డ్‌వేర్ జోలికి వెళ్లక్కర్లేదు.

3. క్యాబినెట్ తెరవకముందే గోడ వైపు చూడండి

ఈ మెట్టు నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నది. కొత్త గ్రాఫిక్స్ కార్డు వేశాక నా సిస్టమ్ గేమ్‌లో ఆగడం మొదలైంది. విండోస్ మళ్లీ ఎక్కించాను, పేస్ట్ మార్చాను, రెండు వారాంతాలు పోయాయి. చివరికి ఒక రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకోకుండా ఆడితే, ఆగే ముందు బల్ల కింద నుంచి సన్నగా ‘బీప్’ వినిపించింది. అది యూపీఎస్. అన్నాళ్లూ అరుస్తూనే ఉంది, నేనే వినలేదు.

చిన్న యూపీఎస్ మీద 600 వీఏ అని రాసి ఉంటే అది 600 వాట్లు అనుకుంటాం. అలాంటి వాటిలో చాలావరకు వాట్లు, వీఏ అంకెలో 60 శాతమే ఉంటాయి, అంటే 360. పాత కార్డుతో సరిపోయింది, కొత్త కార్డు ఆ హద్దు దాటేసింది.

కాబట్టి యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బోర్డు, స్టెబిలైజర్ అన్నీ పక్కన పెట్టి, కంప్యూటర్‌ని ఒక్కదాన్నే నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి ఆడి చూడండి. సాకెట్ వదులుగా ఉండకూడదు. ఎస్ఎంపీఎస్ వెనక కేబుల్ లోపలి దాకా గట్టిగా నొక్కండి, వీలైతే ఇంకో కేబుల్ వాడి చూడండి. ఆగడం మానేస్తే మీ పని ఇక్కడితో అయిపోయింది, క్యాబినెట్ విప్పే పనే లేదు.

4. ఓవర్‌క్లాక్‌లన్నీ తీసేయండి

ఓవర్‌క్లాక్ అంటే పార్టుని దాని మామూలు వేగం కంటే ఎక్కువగా పరిగెత్తించడం. ఆఫ్టర్‌బర్నర్‌లో రీసెట్ నొక్కండి. బయోస్‌లో (విండోస్ లేవకముందే తెరిచే మదర్‌బోర్డు సెట్టింగులు) ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో ఆపండి, ఇవి ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగులు. సీపీయూకి పెట్టిన ఓవర్‌క్లాక్, అండర్‌వోల్ట్ (తక్కువ వోల్టేజ్‌తో నడపడం) కూడా తీసేయండి. “ఏడాదిగా ఇలాగే బాగా నడిచింది కదా” అంటారు. నిజమే, కానీ పార్టులు వయసుతో పాటు బలహీనపడతాయి, గేములు బరువెక్కుతాయి. నిరుడు తట్టుకున్న సెట్టింగ్‌ని ఈ ఏడాది తట్టుకోకపోవచ్చు.

బయోస్ మొత్తం డిఫాల్ట్‌కి మార్చాలనుకుంటే ముందు ప్రతి పేజీని ఫోన్‌తో ఫోటో తీసుకోండి. స్టోరేజ్, బూట్ సెట్టింగులు మారిపోతే విండోస్ లేవకపోవచ్చు. డ్రైవ్ మీద బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే దాని రికవరీ కీ ముందే చేతిలో పెట్టుకోండి. బయోస్ మార్పుల తర్వాత అది కీ అడిగే అవకాశం ఉంది, అప్పుడు వెతుక్కుంటే టెన్షన్.

ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడేవాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. వీటిలో కొన్నింటిలో వోల్టేజ్ ఎక్కువై చిప్ క్రమంగా దెబ్బతినే సమస్య ఉందని ఇంటెల్ ఒప్పుకుంది. దానికి 2024 ఆగస్టులో 0x129, సెప్టెంబరులో 0x12బి మైక్రోకోడ్‌లు (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్‌కి దిద్దుబాట్లు) వచ్చాయి. ఇవి మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్‌తో వస్తాయి. మీ బయోస్ అంతకంటే పాతదైతే అప్‌డేట్ చేయండి. అయితే అప్‌డేట్ ఇకపై నష్టం జరగకుండా చూస్తుందే తప్ప, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని బాగు చేయదు. ఈ ప్రాసెసర్లకి వారంటీని రెండేళ్లు పొడిగించారు, దాన్ని వాడుకోండి. ఇంకో మాట, సిస్టమ్ ఊరికే ఆగిపోయే స్థితిలో ఉంటే బయోస్ అప్‌డేట్‌ని గేమ్ ఆడిన వెంటనే చేయకండి. చల్లగా ఉన్నప్పుడు, వేరే ప్రోగ్రాములేవీ లేకుండా చేయండి. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు లేవకపోవచ్చు.

5. వేడిని కొలవండి

క్యాబినెట్ మీద చెయ్యి పెట్టి “వేడిగానే ఉంది” అంటే కుదరదు, అంకెలు కావాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో64 ని ‘సెన్సార్స్ ఓన్లీ’ టిక్‌తో తెరిచి, రికార్డింగ్ విరామాన్ని ఒక సెకనుకి తగ్గించి, లాగింగ్ మొదలుపెట్టండి. ఇప్పుడు గేమ్ ఆడి ఆగనివ్వండి. మళ్లీ ఆన్ చేశాక ఆ సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి, అన్నిటికంటే కింది వరుసలు చూడండి. టప్పున ఆగినప్పుడు ఆఖరి ఒకటి రెండు సెకన్లు ఫైల్‌లోకి ఎక్కకపోవచ్చు. అందుకే రెండో మానిటర్ ఉంటే దాని మీద సెన్సార్లు తెరిచి, ఫోన్‌ని గ్లాసుకి ఆనించి వీడియో పెట్టేయండి. రెండో మానిటర్ లేకపోతే ఆఫ్టర్‌బర్నర్‌తో అంకెలు గేమ్ మూలలోనే చూపించుకోవచ్చు.

ఎంతుంటే ఎక్కువ? ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు. రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95, అవి ఆ అంకె దాకా వెళ్లేలాగే తయారయ్యాయి, కాబట్టి భారీ పనిలో 95 చూసి కంగారు పడకండి. ఎన్విడియా 40 వరుస కార్డుల హద్దు 90. ఏఎండీ కార్డుల్లో హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) అనే అంకె 110 దాకా వెళ్లొచ్చు. సెన్సార్లలో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు చిప్) టెంపరేచర్ ఒక్కటే చూసి వదిలేయకండి, హాట్‌స్పాట్, మెమరీ జంక్షన్ (కార్డు మెమరీ వేడి) కూడా చూడండి. పైకి 75 చూపిస్తూ హాట్‌స్పాట్ 105 దాటితే, పేస్ట్ ఎండిపోయిందనో హీట్‌సింక్ సరిగ్గా ఆనలేదనో అనుమానించాలి.

ఇప్పటి ప్రాసెసర్లు, కార్డులు వేడెక్కగానే ఆగిపోవు. ముందు వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ చల్లబడకపోతేనే ఆగుతాయి. అంటే వేడి వల్ల ఆగిన కంప్యూటర్ లాగ్‌లో ముందు అంకెలు ఎక్కడం, తర్వాత క్లాక్ స్పీడ్ పడిపోవడం కనిపించాలి. లాగ్‌లో సీపీయూ 68, కార్డు 71 దగ్గర ఉండగా ఆగిపోతే ఎంత పేస్ట్ పూసినా ప్రయోజనం ఉండదు. ఆరో మెట్టు వదిలేసి ఏడుకి వెళ్లండి.

6. వేడే కారణమైతే

ముందు ఉచితమైన పరీక్ష. క్యాబినెట్ పక్క తలుపు తీసేసి ఆడండి. అంకెలు పది డిగ్రీలు పడిపోతే లోపల గాలి ఆడటం లేదని తేలినట్టే. దుమ్ము ఫిల్టర్లు, ముందు ఫ్యాన్లు, గోడకి ఆనించి పెట్టిన వెనక భాగం చూడండి. పెద్దగా తేడా రాకపోతే కూలర్ దగ్గరే ఏదో ఉంది.

శుభ్రం చేసేటప్పుడు ప్లగ్ తీసేయండి. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో పట్టుకోండి, వదిలేస్తే ఫ్యాన్ పిచ్చివేగంతో తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ఇంట్లో నేల ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ గొట్టం బోర్డు మీద పెట్టొద్దు, దాని స్టాటిక్ కరెంటు చిప్‌లకి హాని. పైకి శుభ్రంగా కనిపించినా మోసపోకండి. ఫ్యాన్‌కి, హీట్‌సింక్ రేకులకి మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుంటుంది, ఫ్యాన్ విప్పితేనే కనిపిస్తుంది.

లిక్విడ్ కూలర్ ఉన్నవాళ్లు పంప్ ఆర్‌పీఎం చూడాలి. గేమ్ పెట్టగానే సీపీయూ కొన్ని సెకన్లలోనే 95, 100 కి ఎగబాకుతుంటే పంప్ ఆగిపోయి ఉండొచ్చు.

కూలర్ తీయాల్సి వస్తే ఐదు నిమిషాలు సిస్టమ్ నడిపి పేస్ట్‌ని కొంచెం వెచ్చబరిచి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పి తీయండి. నేరుగా పైకి లాగితే ఏఎం4 బోర్డుల్లో (పాత రైజెన్ ప్రాసెసర్లవి) కూలర్‌తో పాటు ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి. కొత్త పేస్ట్ బఠాణీ గింజంత చాలు. స్క్రూలు ఒక మూల, తర్వాత దాని ఎదుటి మూల, ఇలా కొద్దికొద్దిగా బిగించండి. కొత్త కూలర్ అయితే అడుగున ప్లాస్టిక్ పొర తీశారా? ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా ఏదో ఒక రోజు మర్చిపోతారు.

7. పవర్ కారణమైతే

ముందు ఒక చిన్న ప్రయోగం, ఐదు నిమిషాల పని. ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ని 70 శాతానికి తగ్గించండి. దానితో పాటు ఫ్రేములకి 60 హద్దు పెట్టండి. ఇప్పుడు అదే గేమ్, అదే చోట, అంతే సేపు ఆడండి. నిన్నటిదాకా పావుగంటకి పోయే సిస్టమ్ ఇప్పుడు రెండు గంటలు నిలబడి, వేడి ముందు కూడా మామూలుగానే ఉండుంటే, తప్పు పవర్ వైపు ఉందని నూటికి ఎనభై పాళ్లు అనుకోవచ్చు. మిగతా ఇరవై పాళ్లు కార్డుకే వదిలేస్తున్నాను.

తర్వాత కేబుళ్లు. ప్లగ్ తీసి టార్చ్ వేసి చూడండి. కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లు ఉంటే రెండు విడి కేబుళ్లు పెట్టండి. ఒకే కేబుల్ చివర రెండు కొనలుంటాయి కదా, పెద్ద కార్డుకి ఆ రెండూ గుచ్చేయడం చాలా సాధారణమైన తప్పు. ఒక్కో 8 పిన్ సాకెట్‌కి ప్రమాణం 150 వాట్లు. 12 వోల్టుల కొత్త తరహా 16 పిన్ కేబుల్ అయితే క్లిప్ పడేదాకా నొక్కాలి, ప్లగ్‌కి సాకెట్‌కి మధ్య సందు కనిపించకూడదు. సరిగ్గా కూర్చోకపోతే అది కరిగే ప్రమాదం ఉంది. సాకెట్ దగ్గరే కేబుల్‌ని గట్టిగా వంచకండి. సీపీయూకి పైమూల వెళ్లే కేబుల్, 24 పిన్ కేబుల్ కూడా ఒకసారి పీకి మళ్లీ పెట్టండి.

ఒక ఎస్ఎంపీఎస్‌తో వచ్చిన మాడ్యులర్ (ఊడదీసి పెట్టుకునే) కేబుళ్లని ఇంకో ఎస్ఎంపీఎస్‌కి వాడొద్దు. ప్లగ్ చక్కగా పడుతుంది, కానీ లోపల తీగల వరుస వేరేగా ఉండొచ్చు. ఆన్ చేసిన క్షణంలో డ్రైవ్‌లు, బోర్డు కాలిపోవచ్చు.

ఇప్పుడు ఎస్ఎంపీఎస్ మీద స్టిక్కర్ చదవండి. పెద్ద అక్షరాలతో ఉన్న వాట్లు వదిలేసి, 12 వోల్టుల గడిలో ఆంపియర్లు చూడండి. 12 తో గుణించండి. పైన 500 అని రాసి ఉండి, ఆ గడిలో 30 ఆంపియర్లే ఉంటే, గేమింగ్‌కి నిజంగా అందేది 360 వాట్లు. సీపీయూ, కార్డు తాగేది దాదాపు అంతా ఈ 12 వోల్టుల నుంచే.

వాట్లు కాగితం మీద సరిపోయినా ఆగొచ్చు. 350 వాట్ల కార్డు కొన్ని మిల్లీసెకన్ల పాటు 500 దాటి లాగగలదు. ఆ కుదుపుకి సున్నితమైన ఎస్ఎంపీఎస్ ట్రిప్ అవుతుంది. 2022లో ఎస్ఎంపీఎస్‌ల కోసం వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇలాంటి కుదుపుల్ని దృష్టిలో పెట్టుకుని రాసిందే. అందుకే కార్డు తయారీదారు చెప్పిన ఎస్ఎంపీఎస్ అంకె పెద్దదిగా కనిపిస్తుంది. ఉదాహరణకి ఆర్‌టీఎక్స్ 3080 వాడకం 320 వాట్లు, ఎన్విడియా సూచించిన ఎస్ఎంపీఎస్ 750.

నిర్ధారణకి ఓసీసీటీలో పవర్ టెస్ట్ ఉంది, సీపీయూ, కార్డు రెండింటినీ ఒకేసారి బాదుతుంది. పక్కనే కూర్చుని ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి, పెట్టేసి బయటికి వెళ్లొద్దు. ముందు సీపీయూ పరీక్ష విడిగా, కార్డు పరీక్ష విడిగా నడపండి. విడివిడిగా రెండూ పాసై, కలిపినప్పుడే పోతే ఎస్ఎంపీఎస్ మీద అనుమానం బాగా బలపడినట్టే. అన్నీ పాసై గేమ్‌లోనే పోయినా ఎస్ఎంపీఎస్‌ని వదిలేయకండి. ఈ పరీక్షలు బరువుని నిలకడగా ఉంచుతాయి, గేమ్ మాత్రం ఎత్తి ఎత్తి పడేస్తుంది.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో 12 వోల్టుల అంకె 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. కానీ మదర్‌బోర్డు సెన్సార్ చెప్పే వోల్టేజ్‌ని నేను పెద్దగా నమ్మను. అది 8 అని చూపిస్తుండగా కంప్యూటర్ హాయిగా నడుస్తుంటే తప్పు సెన్సార్‌దే.

ఆఖరి రుజువు ఒక్కటే. స్నేహితుడి దగ్గర మంచి ఎస్ఎంపీఎస్ దొరికితే, దాని కేబుళ్లతో సహా తెచ్చి పెట్టి ఆడి చూడటం.

8. ఇవేవీ కాకపోతే

స్క్రీన్ మాత్రమే నల్లబడే రకం అయితే, కేబుళ్లు చూశాక, సేఫ్ మోడ్‌లో ‘డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్’ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్ పూర్తిగా తీసేసి, కొత్తది ఎక్కించండి. కొత్త డ్రైవర్ తర్వాతే సమస్య మొదలైతే వెనక్కి పాతదానికి వెళ్లండి. కార్డు పీకి స్లాట్‌లో మళ్లీ కూర్చోబెట్టండి. బరువుకి కిందికి వేలాడుతుంటే ఆసరా పెట్టండి.

బ్లూ స్క్రీన్లు ప్రతిసారీ వేరే కోడ్‌తో వస్తుంటే ర్యామ్ పరీక్షించండి. మెమ్‌టెస్ట్86 ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, రాత్రి పెట్టి పడుకోండి. ఉచిత రకం నాలుగు పాస్‌లు చేస్తుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిల్ కిందే లెక్క, “ఒక్కటే కదా” అని సర్దుకోకండి. వస్తే ఒక్కో ర్యామ్ విడిగా పెట్టి ఏదో తేల్చండి.

అరుదుగా క్యాబినెట్ పవర్ బటన్ ఇరుక్కుని కూడా ఆగుతుంది. బోర్డు నుంచి పవర్, రీసెట్ బటన్ల తీగలు తీసేసి చూస్తే తెలిసిపోతుంది. ఆన్ చేయడానికి ముందు పవర్ తీగ పెట్టి, లేచాక పీకేయండి.

ల్యాప్‌టాప్ అయితే

అడాప్టర్ మీద వాట్లు చూడండి. 230 వాట్ల ల్యాప్‌టాప్‌కి 100 వాట్ల టైప్-సి ఛార్జర్ పెట్టి ఆడితే లోటుని బ్యాటరీ పూడుస్తుంది, ముసలి బ్యాటరీ అయితే ఆ కుదుపుకి టప్పున పోతుంది. అసలు అడాప్టర్‌తో, గట్టి బల్ల మీద, వెనక భాగం కొంచెం ఎత్తి ఆడి చూడండి. పరుపు మీద పెట్టి ఆడితే కింది గాలి రంధ్రాలు పూర్తిగా మూసుకుపోతాయి. బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టుంటే వెంటనే వాడటం ఆపండి. దాన్ని నొక్కొద్దు, గుచ్చొద్దు.

బాగైందో లేదో ఎలా తెలుసుకోవాలి

పదిహేను నిమిషాలు ఆడి “సెట్ అయిపోయింది” అనుకోకండి. ఏ గేమ్‌లో, ఏ సెట్టింగులతో, ఏ చోట ఆగేదో అక్కడే ఆడాలి. ఇదివరకు అరగంటకి ఆగేదైతే కనీసం రెండు గంటలు, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు. ఎండ వేళ ఒకసారి ఆడితే ఇంకా మంచిది, చల్లటి రాత్రి పాసైన కంప్యూటర్ మధ్యాహ్నం ఫెయిల్ కావచ్చు.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. కేబుల్ మార్చి, డ్రైవర్ మార్చి, పేస్ట్ పూసి ఒకేసారి ఆన్ చేస్తే బాగుపడినా దేనివల్లో తెలీదు. అప్పుడు నెల తర్వాత మళ్లీ వస్తే మొదటి మెట్టు నుంచి మొదలెట్టాలి. ప్రతి మార్పు పక్కన తేదీ, ఎంతసేపు నిలిచింది, ఎలా ఆగింది అని నోట్‌బుక్‌లో రాయండి. వారంటీ కోసం సర్వీస్ వాళ్ల దగ్గరికి వెళ్లినా ఆ పేజీ చూపిస్తే “మా దగ్గర బాగానే ఉంది” అని తిప్పి పంపేయడం వాళ్లకీ కష్టమే.

నాలుగో మెట్టులో తీసేసినవి, ఏడో మెట్టులో తగ్గించినవి ఇప్పుడు ఒక్కొక్కటిగా వెనక్కి పెట్టుకోండి. ముందు ఎక్స్ఎంపీ, రెండు రోజులు ఆగి పవర్ లిమిట్ 100 శాతం, ఆ తర్వాత ఓవర్‌క్లాక్. ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్ మళ్లీ పెట్టాలా వద్దా అన్నది మీ ఇష్టం. నా సిస్టమ్‌లో మాత్రం తీసేసే ఉంచాను.